మా ఆత్రేయపురం పూతరేకుల కొట్టుకి వెబ్‌సైట్ పెట్టుకున్న కథ (నా అనుభవం)

మా వీధిలో ఈమధ్య ముగ్గురు అడిగారు, మీ వెబ్‌సైట్‌కి ఎంతైంది, ఎవరు చేసారు, మాక్కూడా చేయిద్దురూ అని. నిలబడి చెప్తుంటే సగం మర్చిపోతున్నా, అందుకే మొదట్నించి ఇక్కడ రాసేస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. మాకు పోయిన డబ్బు ఇంకొకరికి పోకూడదని రాస్తున్నా.

మాది ఆత్రేయపురం. మా అత్తయ్య ముప్పై ఏళ్ళకి పైగా రేకులు తీస్తున్నారు. కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి గుడ్డ పిండిలో ముంచి కుండ మీద అలా పరిచి లాగేస్తారు, రెప్పపాటులో రేకు లేచి వస్తుంది. మంట ఎక్కువైతే మాడిపోద్ది, తక్కువైతే అతుక్కుపోద్ది. మావయ్యగారు పోయాక కొట్టు మా ఆయన చూసుకుంటున్నారు, పెళ్ళికి ముందు నేను హైదరాబాద్‌లో అకౌంట్స్‌లో చేసాను కాబట్టి లెక్కలు, ఫోన్లు, ఆర్డర్లు నావి. అమ్మకం చాలామటుకు శనివారాలే, వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్ళు కార్లేసుకుని వస్తారు కదా, వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో మా ఊళ్ళో ఆగుతారు. మిగతా రోజులు పెళ్ళిళ్ళ ఆర్డర్లు, సారె ఆర్డర్లు, అవన్నీ ఎర్ర అట్ట నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్ళం.

2022 దసరా ముందు ఒకబ్బాయి వచ్చాడు, వెబ్‌సైట్లు చేస్తాం మేడమ్, డిజిటల్ మార్కెటింగ్ కూడా మేమే చూసుకుంటాం, మీరు రేకులు చేసుకోండి చాలు అన్నాడు. 38 వేలు. పేరు చెప్పను, వాళ్ళని తిట్టడానికి రాయట్లేదు ఇది. మా ఆయన వద్దన్నారు, నేనే పట్టుబట్టాను, హైదరాబాద్, బెంగళూరు నుంచి ఆర్డర్లు వస్తే శనివారం కోసం ఎదురుచూడక్కర్లేదు కదా అని నా ఆశ.

నెలన్నరకి సైట్ ఇచ్చాడు. కంప్యూటర్లో చూపిస్తే బాగానే ఉంది, నా ఫోన్లో మాత్రం తెరుచుకోడానికే నిమిషం పట్టింది. ఎందుకో అప్పుడు తెలీదు, తర్వాత తెలిసింది, మొదటి పేజీలోనే పద్నాలుగు ఫోటోలు, ఒక్కోటి నాలుగైదు ఎంబీ, తగ్గించకుండా అలాగే ఎక్కించేసాడు. ఆ ఫోటోల్లో సగం మావి కూడా కాదు, ఎవరివో కాజూ బర్ఫీలు, లడ్డూలు. ఇంక తెలుగు పేజీ సంగతి. మా ఫ్లెక్స్ వేసినతని దగ్గర కంపోజ్ చేసిన ఫైల్ ఉంది, అందులోంచి కాపీ చేసి పెట్టాడు, అది అను ఫాంట్‌లో (ప్రింటింగ్ వాళ్ళు వాడే పాత తెలుగు ఫాంట్) ఉంది, అన్ని ఫోన్లలో తెలుగు తెలుగులానే కనపడే యూనికోడ్ కాదు, సైట్‌లో చూస్తే అంతా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు. ఒక్క తెలుగు అక్షరం లేదు. అసలు రెండు నెలలపాటు మేం ఆ పేజీ తెరిచి చూసుకోలేదు, అది మా తప్పే. మీరు చేయిస్తుంటే ఒక్కటి అడగండి, ఈ తెలుగు యూనికోడేనా అని. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు ఒకసారి కళ్ళతో చూసుకుంటే సరిపోద్ది.

2023లో మా పూతరేకులకి జీఐ (ఈ సరుకు ఈ ఊరిదే అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) వచ్చింది, ఊరంతా సంబరం. ఆ వారంలోనే అతను మమ్మల్ని అడక్కుండా సైట్ మీద జీఐ లోగో పెట్టేసాడు. ఆ లోగో వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా మన పేరు విడిగా నమోదవ్వాలి, ఊళ్ళో కొట్టు ఉంటే చాలదు. పూతరేకులు చేసేవాళ్ళ సంఘంలో పెద్దాయన ఒకాయన ఫోన్ చేసి, "అమ్మా, మీరింకా నమోదు కాలేదు కదా, అది తీసెయ్యండి" అన్నారు. సిగ్గేసింది నాకు. తీయించడానికి ఆ అబ్బాయికి తొమ్మిదిసార్లు ఫోన్ చేసాను, ఎందుకంటే లాగిన్ మా దగ్గర లేదు.

పదకొండు నెలల్లో ఆ సైట్ నుంచి మూడు ఆర్డర్లు వచ్చాయి, అందులో రెండు మా చుట్టాలవి.

ఏడాది తిరిగేసరికి రెన్యువల్ 18 వేలు అన్నాడు. వద్దులే, పాస్‌వర్డులు ఇచ్చెయ్యి, వేరేవాళ్ళతో చేయించుకుంటాం అన్నాను. అప్పుడు బయటపడింది, డొమైన్, అంటే సైట్ అడ్రసు పేరు, వాళ్ళ అకౌంట్‌లో వాళ్ళ పేరు మీద కొన్నాడు. మా కొట్టు పేరు అది, మావయ్యగారు పెట్టిన పేరు, అది అతని ఆస్తి! పేరు కావాలంటే 25 వేలు అన్నాడు. మా ఆయనకి చాలా కోపం వచ్చింది, నాకు ఏడుపొచ్చింది. ఇవ్వలేదు, వదిలేసాం.

కానీ ఆ అడ్రసు అప్పటికే రెండు వేల డబ్బాల మీద ప్రింటయ్యి ఉంది. దీపావళి నాలుగు రోజుల్లోకి వచ్చేసింది, కొత్త డబ్బాలు రావు. నేనూ అత్తయ్యా రాత్రి పదింటికి, పొయ్యిలన్నీ ఆరాక, హాల్లో చాపేసుకుని కూర్చుని ఒక్కో డబ్బా మీద ఆ లైను మీద తెల్ల స్టిక్కర్ వేసాం, మా ఫోన్ నంబర్ది. రెండు రాత్రులు. అత్తయ్య చేతికి రేకు తీసే నేర్పు ఉంది కదా, ఒక్క స్టిక్కర్ వంకరపోలేదు, నావే కొన్ని వంకర. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. స్టిక్కర్ వేస్తూ వేస్తూ, "ఇల్లు మన పేరున లేకుండా గోడలకి సున్నం వేయించామన్నమాట" అన్నారు, అంతే.

తర్వాత ఎవర్నీ పిలవలేదు, నేనే కూర్చున్నా. రాత్రిళ్ళు పిల్లాడు పడుకున్నాక యూట్యూబ్ చూసి నేర్చుకున్నా. మొదట సైట్ జోలికి పోలేదు, గూగుల్ మ్యాప్‌లో మేం ఎక్కడున్నామో చూసాను. కాలవ గట్టు మీద ఉన్నాం! ఎవరో కస్టమర్ ఎప్పుడో పెట్టిన పిన్ను, కొట్టుకి దగ్గర దగ్గర అర కిలోమీటరు దూరం. శనివారాలు జనం ఫోన్ చేసి "ఏమండీ ఇక్కడ కాలవ తప్ప ఏం లేదండీ" అనేవాళ్ళు, మేం దారి చెప్పేవాళ్ళం. ఫోన్ చేసినవాళ్ళు సరే, చెయ్యకుండా పక్క కొట్లో కొనుక్కుని వెళ్ళినవాళ్ళెంతమందో.

మ్యాప్‌లో కొట్టు వివరాలు కనపడే ఆ పేజీని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు, ఇదివరకు గూగుల్ మై బిజినెస్ అనేవాళ్ళు, 2021 చివర్లో పేరు మార్చారు. పైసా ఖర్చు లేదు. ఆ లిస్టింగ్ మాదే అని క్లెయిమ్ చేసుకుంటే వెరిఫికేషన్‌కి వీడియో తియ్యమంది. మొదటిసారి నేను కొట్టు లోపల డబ్బాలు, రేకులు అందంగా తీసి పంపాను, ఒప్పుకోలేదు. వాళ్ళకి కావాల్సింది అందం కాదు, కొట్టు అక్కడే ఉందా, అది మీ చేతిలోనే ఉందా అన్నది. రెండోసారి ఎడిటింగ్ లేకుండా ఒకే షాట్, రోడ్డు మీద మొదలుపెట్టి పక్క కొట్టు, కరెంటు స్తంభం, మా బోర్డు, మా ఆయన తాళంతో షట్టర్ తీయడం, లోపల గోడకున్న ఫుడ్ లైసెన్స్, వెనక పెరట్లో అత్తయ్య కుండ దగ్గర. పొగలో ఆవిడ కళ్ళు నలుపుకుంటూ "ఏవిటే అమ్మాయ్, నన్నెందుకు తీస్తావ్, చీర మార్చుకోనీ" అంటున్నారు, అది కూడా వీడియోలో ఉంది. నాలుగు రోజుల్లో ఓకే అయ్యింది.

పిన్ను జరిపాను. పేరు బోర్డు మీద ఉన్నదే పెట్టాను, కొంతమంది పేరు పక్కన "బెస్ట్ పూతరేకులు ఇన్ రాజమండ్రి" అని తోకలు తగిలిస్తారు, అలా చేస్తే ప్రొఫైల్ ఆగిపోయే ప్రమాదం ఉంది. టైమింగ్స్ శనివారం వేరే పెట్టాను, తెల్లారి 5 నుంచి. ఇది చిన్న విషయంలా ఉంటది గానీ, పొద్దున్నే దర్శనం చేసుకుని తిరుగు దారిలో ఉన్నవాళ్ళు మ్యాప్‌లో చూస్తే మిగతావన్నీ "క్లోజ్డ్" అని ఉండి మాదొక్కటి "ఓపెన్" అని కనపడుతుంది. మొదటి నెలలోనే తేడా తెలిసింది, మా ఆయన గల్లాపెట్టె దగ్గర నుంచి లోపలికి వచ్చి "ఏం చేసావే నువ్వు, పొద్దున్నే ఆరు కార్లు ఆగాయి" అన్నారు. అప్పుడు నా మనసు కుదుటపడింది నిజంగా.

ఆ ప్రొఫైల్‌లో జనం ఏం టైప్ చేసి మన దగ్గరికి వచ్చారో చూపిస్తుంది. అది చూసి నేను నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేదు. పూతరేకులు అని మనం తెలుగులో ఒకటే రాస్తాం, ఇంగ్లీషులో జనం పీ తర్వాత యు ఒకటి పెడతారు, ఓ రెండు పెడతారు, టి పక్కన హెచ్ పెడతారు, పెట్టరు, రెండు ముక్కలు చేస్తారు, ఇవేవీ కాకుండా "పేపర్ స్వీట్" అని కొడతారు. పాత సైట్‌లో ఒక్క స్పెల్లింగే ఉంది, పైగా ఎక్కువమంది వాడనిది. "పేపర్ స్వీట్" అన్న మాట సైట్ మొత్తంలో లేదు, అత్తయ్యకి ఆ మాట నచ్చదు, కాయితం ఏంటి అంటారు, నాకూ నచ్చదు, కానీ బెంగళూరు అమ్మాయికి తెలిసిన పేరు అదే కదా.

రివ్యూల గురించి. వంద ఫైవ్ స్టార్లు పెట్టిస్తాం ఇంత ఇవ్వండి అని ఫోన్లొస్తాయి, "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం" అని కూడా అంటారు. నమ్మొద్దు. కొనుక్కున్న రివ్యూలు రూల్స్‌కి విరుద్ధం, దొరికితే తీసేస్తారు, కష్టపడి తెచ్చుకున్న ప్రొఫైల్ కూడా పోవచ్చు. మేం క్యూఆర్ కోడ్ ఒకటి బిల్లు దగ్గర అంటించి, బావుందన్న వాళ్ళని నోటితో అడిగాం, అంతే. ఒకావిడ ఒక్క స్టార్ ఇచ్చి "అన్నీ పొడి పొడి అయిపోయి వచ్చాయి" అని ఫోటో పెట్టింది. రాత్రంతా నిద్రపట్టలేదు. మర్నాడు ఆ రివ్యూ కిందే సారీ చెప్పి, మళ్ళీ పంపుతామని రాసి, పంపాం కూడా.

ఆ ఫోటో వల్లే ప్యాకింగ్ మార్చాం. పార్సిల్ కట్టి స్టూల్ ఎక్కి మూడుసార్లు కింద పడేసాను, కూచున్న చోట్నించే అత్తయ్య "అయ్యో అయ్యో" అంటూనే ఉన్నారు. విప్పితే పదింట్లో ఆరు విరిగాయి. డబ్బాలో పైన ఖాళీ ఉంటే రేకు లోపల ఎగిరెగిరి పడుతుంది, అదీ కారణం. బటర్ పేపర్ మడిచి పైన మెత్తగా కూరి, డబ్బా చుట్టూ బబుల్ షీటు, అది గట్టి అట్టపెట్టెలో. మళ్ళీ మూడుసార్లు పడేస్తే ఒకటి అంచు విరిగింది. ఇదీ మార్కెటింగే అని నేను గట్టిగా నమ్ముతా, విరిగిన రేకుకి ఏ యాడ్ పనికిరాదు.

మధ్యలో ఇంకో ఎదురుదెబ్బ. బిజినెస్ ప్రొఫైల్‌లోనే ఫ్రీగా ఒక పేజీ వెబ్‌సైట్ వచ్చేది, అది పెట్టుకుని సంతోషపడ్డాను, 2024 మార్చిలో అందరికీ ఆ సదుపాయం ఆపేసారు. ముందే మెయిల్ పంపారు, నేనే చూసుకోలేదు. ఇక సొంత పేరు, సొంత ఇల్లు ఉండాల్సిందే అని అప్పుడు ఖాయం చేసుకున్నాను.

డాట్ ఇన్ డొమైన్ నా మెయిల్‌తో, నా ఫోన్ నంబర్‌తో, మా కార్డుతో కొన్నాను, ఏడాదికి 700 చిల్లర. పాత పేరు దొరకదు కాబట్టి ఊరి పేరు కలిపి కొత్తది. హోస్టింగ్ (సైట్ ఉండే చోటుకి అద్దె లాంటిది) ఏడాదికి 3 వేలు చిల్లర, సైట్ కట్టుకోడానికి వర్డ్‌ప్రెస్, దాని మీద ఆర్డర్లు తీసుకోడానికి వూకామర్స్, ఇవి రెండూ ఫ్రీ. సెట్ చెయ్యడానికి మా చెల్లి క్లాస్‌మేట్ ఒకమ్మాయికి 9 వేలిచ్చాను, పని మొదలెట్టకముందే చెప్పాను, ప్రతి పాస్‌వర్డ్ నాదే ఉంటుంది, పనయ్యాక నీ యాక్సెస్ తీసేస్తా అని. ఆ అమ్మాయి "కరెక్టే అక్కా, అలాగే చెయ్యాలి" అంది.

ఫోటోలు పొద్దున్న ఎనిమిదింటికి పెరట్లో, నీడలో, అరిటాకు మీద, నా ఫోన్‌తోనే. ఒక్కోటి 150 కేబీ లోపుకి తగ్గించి ఎక్కించాను, ఇప్పుడు వాడపల్లి గుడి దగ్గర జనంలో కూడా ఫోన్లో టక్కున తెరుచుకుంటుంది. రాసిన విషయం అంతా ఎర్ర నోట్‌బుక్ నుంచే వచ్చింది, ఎందుకంటే ఫోన్లో జనం పదే పదే అడిగే ప్రశ్నలు చివరి పేజీలో రాసుకునేదాన్ని. ఎన్ని రోజులుంటాయి? బెల్లంవి ఎంత, పంచదారవి ఎంత? ఫ్రిజ్‌లో పెట్టాలా? నెయ్యి ఏది? పైన చుట్టిన పేపర్ తియ్యాలా, అది కూడా తినేదేనా? (చాలామంది అడుగుతారు, పేపర్ స్వీట్ అని విన్నాక ఎవరికైనా ఆ అనుమానం వస్తుంది.) "ప్రీమియం క్వాలిటీ, ట్రస్టెడ్ టేస్ట్" లాంటి మాటలు ఒక్కటి కూడా పెట్టలేదు.

పేమెంట్ గేట్‌వే వాళ్ళు (సైట్‌లో మన తరఫున డబ్బు కట్టించుకునే కంపెనీ) మొదట అప్లికేషన్ వెనక్కి పంపారు. సైట్‌లో రిఫండ్ పాలసీ, ప్రైవసీ పాలసీ, షరతులు, అడ్రస్, ఇవి పేజీలుగా ఉండాలి. విరిగి వస్తే ఏం చేస్తాం అన్నది అక్కడ మా భాషలో స్పష్టంగా రాసాం, 24 గంటల్లో ఫోటో పంపితే మళ్ళీ పంపుతాం అని. ఛార్జీ 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ.

జీఎస్టీ విషయంలో మాత్రం నేను అకౌంట్స్ చేసిన మనిషిని కాబట్టి బతికిపోయాం. చాలామంది ఏడాది అమ్మకం 40 లక్షల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుంటారు. సరుకు అమ్ముకునేవాళ్ళకి మన రాష్ట్రంలో అది నిజమే, కానీ పన్ను పడే సరుకు రాష్ట్రం దాటి పంపితే ఆ లెక్క లేదు, మొదటి డబ్బా నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రం, పక్కనున్న యానాం కూడా పుదుచ్చేరి కిందే. తెలీక పంపేస్తున్న కొట్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి, దయచేసి ఒకసారి ఆడిటర్‌ని అడగండి. ఫుడ్ లైసెన్స్ కూడా అంతే, మేం మొదట ఏడాదికి 100 రూపాయల బేసిక్ రిజిస్ట్రేషన్‌తో ఉన్నాం, అప్పటి రూలు ప్రకారం ఏడాది అమ్మకం 12 లక్షలు దాటేసరికి లైసెన్స్ తీసుకున్నాం, ఆ 14 అంకెల నంబర్ డబ్బా మీదా ఉంది, సైట్‌లోనూ ఉంది.

యాడ్స్. ఇన్‌స్టాగ్రామ్‌లో బూస్ట్ (డబ్బు కడితే పోస్టు ఎక్కువమందికి చూపిస్తారు) నొక్కి 3 వేలు పోగొట్టాను, ఇండియా మొత్తం అని పెట్టాను, ఎక్కడెక్కడివాళ్ళో లైకులు కొట్టారు, ఆర్డర్ ఒక్కటి లేదు. రెండోసారి హైదరాబాద్, బెంగళూరు మాత్రమే, తెలుగు వచ్చినవాళ్ళకే, నొక్కితే నేరుగా వాట్సాప్ తెరుచుకునేలా పెట్టాను. వీడియో ఇరవై సెకన్లు, అత్తయ్య గుడ్డ వేసి రేకు లాగడం, వెనక పాటా లేదు మాటా లేదు, కొబ్బరాకు చిటపట ఒక్కటే. రోజుకి 400, పది రోజులకని పెట్టాను, దసరా ముందు.

ఆరో రోజుకి వాట్సాప్ ఆగలేదు. మా దగ్గర కుండలు నాలుగు, రేకు తీసేవాళ్ళు నలుగురు, ఒక్కోదాంట్లో పదేసి పూతరేకులుండే డబ్బాలు రోజుకి 60 కంటే రావు. ఆ రోజు అడిగినవి 140. మా ఆయన బయట రేకులు కొని మడిచి పంపేద్దాం అన్నారు, ఊళ్ళో దొరుకుతాయి కూడా. అత్తయ్య ఒప్పుకోలేదు. "నా వీడియో చూసి అడిగారు, వేరేవాళ్ళ రేకు ఎలా పంపుతావ్ రా" అన్నారు. యాడ్ ఆపేసాను, సైట్‌లో రోజుకి 60 అయ్యాక "రేపటికి బుక్ చేసుకోండి" అని వచ్చేలా పెట్టాను. కొంతమంది వెళ్ళిపోయారు, ఎక్కువమంది ఆగారు.

వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్, లేబుల్స్, క్విక్ రిప్లైలు అన్నీ ఫ్రీయే, ఎర్ర నోట్‌బుక్ చేసే పని చాలామటుకు అదే చేస్తోంది. ఒక్కటి గుర్తుంచుకోండి, బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి ఒకేసారి) పంపితే మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది, అందుకే ఇప్పుడు డబ్బా మూత లోపల "మా నంబర్ సేవ్ చేసుకోండి, పండగ ఆర్డర్లు ముందు మీకే చెప్తాం" అని రాయిస్తున్నాం.

ఇప్పటి లెక్క చెప్తా. డొమైన్, హోస్టింగ్ కలిపి ఏడాదికి 4 వేల లోపు, యాడ్స్ దసరాకి, సంక్రాంతికి మాత్రమే. మామూలు రోజుల్లో సైట్, వాట్సాప్ కలిపి రోజుకి పదిహేను ఇరవై డబ్బాలు వెళ్తున్నాయి. శనివారం వచ్చేవాళ్ళు ఇప్పటికీ మ్యాప్ చూసే వస్తున్నారు. మా వీధిలో అడిగినవాళ్ళకి ముందు ఆ పిన్నే సరిచేసి ఇస్తున్నా, సైట్ తర్వాత చూద్దాం అంటున్నా.

కొత్తగా తెలుగులో ఒక పేజీ రాస్తున్నా, ఇంట్లో రేకు ఎలా మడవాలి అని, ఉత్తి రేకులు కొనుక్కునేవాళ్ళ కోసం. అత్తయ్య చెప్తుంటే నేను టైప్ చేస్తున్నా. "తడి చెయ్యి కాదు, తడిపి పిండిన గుడ్డ మీద పెట్టాలి, అప్పుడు విరగదు అని రాయి" అంటున్నారు. రాసాను. రేపు శనివారం, తెల్లారకముందే పొయ్యి ముట్టించాలి, మిగతాది ఆదివారం.